గిరగిరా తిరిగే రికార్డులు

మనకు తెలిసినంతలో ప్రపంచపు తొలినాటి పళ్ళ డాక్టర్లలో ఒకరు విల్లు పట్టుకుని వైద్యం చేశారు! ఇప్పటి పాకిస్తాన్‌లో, బలూచిస్తాన్‌లోని బోలన్ కనుమ దగ్గర మెహర్‌గఢ్ అనే పాతకాలపు ఊరి శిథిలాలు ఉన్నాయి. అక్కడి సమాధుల్లో తొమ్మిది మంది పెద్దవాళ్ళ దవడల్లో 11 పళ్ళకు గుండ్రటి రంధ్రాలు కనిపించాయి. వాటి వయసు 7,500 నుంచి 9,000 ఏళ్ళు. అవి పుచ్చు వల్ల పడ్డవి కావు, ఎవరో పనిగట్టుకుని తొలిచినవి. ఈ సంగతి 2006లో లోకానికి తెలిసింది.

ఇనుమే లేని రోజుల్లో పన్నును ఎలా తొలిచారు? ఒక పుల్ల చివర చెకుముకి రాయి ముక్క బిగించాలి. చిన్న విల్లు తీసుకుని, దాని తాడును పుల్ల చుట్టూ ఒక చుట్టు తిప్పాలి. విల్లును ముందుకూ వెనక్కూ ఆడిస్తే పుల్ల గిర్రున అటూ ఇటూ తిరుగుతుంది. కవ్వానికి తాడు చుట్టి అమ్మమ్మ మజ్జిగ చిలకడం చూశారా? అదే కిటుకు. కాకపోతే తాడును రెండు చేతులతో లాగాలి, విల్లయితే ఒక్క చెయ్యి చాలు. రెండో చెయ్యి పుల్లను పైనుంచి అదిమి పట్టుకుంటుంది. పరిశోధకులు అలాంటి పనిముట్టే చేసి ప్రయత్నిస్తే, నిమిషం కూడా పట్టకుండా పంటికి రంధ్రం పడింది. మత్తుమందు లేదు మరి, ఆ నిమిషం ఎంత పొడుగ్గా గడిచిందో పాపం! ఆ రంధ్రాల అంచులు తర్వాత నమలడంలో అరిగి ఉన్నాయి. అంటే వైద్యం అయ్యాక కూడా వాళ్ళు బతికి, హాయిగా తిన్నారన్నమాట. ఆ ఊళ్ళో పూసలు చేసేవాళ్ళు ఉండేవారు. పూసలు తొలిచే నేర్పే పళ్ళ దాకా వచ్చి ఉంటుందని పరిశోధకులు అనుకుంటున్నారు.

అన్నిటికన్నా పాత చెక్క చక్రం

ఐరోపాలో స్లొవేనియా అని ఒక చిన్న దేశం ఉంది. దాని రాజధాని లుబ్లియానా. ఆ చుట్టుపక్కల బురదనేలలో 2002లో ఒక చెక్క చక్రం, ఇరుసుతో సహా దొరికింది. వయసు సుమారు 5,200 ఏళ్ళు. ఇప్పటిదాకా దొరికిన చెక్క చక్రాల్లో ఇదే పెద్ద ముత్తాత. చెక్క అన్నేళ్ళు పుచ్చిపోకుండా ఎలా ఉంది? నీళ్ళు నిండిన బురదలోకి గాలి చొరబడదు. గాలి లేకపోతే చెక్కను తినే క్రిములు బతకలేవు. బురదే దాన్ని కాపాడింది.

ఈ చక్రానికి ఆకులు లేవు. రెండు పలకలను పక్కపక్కన పెట్టి, అడ్డకట్టెలతో బిగించి, గుండ్రంగా చెక్కారు. అడ్డం కొలిస్తే దాదాపు 70 సెంటీమీటర్లు. అసలు చోద్యం మధ్యలో ఉంది. ఇరుసు దూరే రంధ్రం గుండ్రంగా లేదు, నలుచదరంగా ఉంది! దాంతో చక్రమూ ఇరుసూ కలిసే తిరుగుతాయి. మన ఎడ్లబండి అలా కాదు. ఇరుసు కదలదు, చక్రాలే దాని మీద తిరుగుతాయి. అవి ఊడిపోకుండా చీల, రాపిడికి అరగకుండా కందెన.

ఈ తేడా ఏమిటో మలుపు దగ్గర తెలుస్తుంది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలివైపుది తక్కువ. మన బండికి ఇబ్బంది లేదు, ఏ చక్రం లెక్క దానిది. లుబ్లియానా బండి చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగుసుకుని ఉండేవి. అంచేత రెండూ సమానంగా తిరగాల్సిందే, ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోవాల్సిందే. ఆ బండివాడికి మలుపు వచ్చిందంటే తిప్పలు వచ్చినట్టే. నన్నడిగితే మన ఎడ్లబండికే ఎక్కువ మార్కులు వేస్తాను.

బండి బొమ్మల సంగతికొస్తే ఇంకా వెనక్కి వెళ్ళాలి. పోలండ్‌లోని బ్రోనోచిత్సే అనే చోట దొరికిన మట్టి పాత్ర మీద నాలుగు చక్రాల బండిలా కనిపించే గీతలు ఉన్నాయి. వాటికి దాదాపు 5,500 ఏళ్ళు.

చక్రం తెలుసు, బండి లేదు

ఇది చదివితే మీకు నవ్వొస్తుంది. మెక్సికోలో చాలా కాలం కిందటి మట్టి బొమ్మలు దొరికాయి. కుక్కల్లాంటి జంతువులు, వాటి కాళ్ళకు చక్రాలు! దారం కట్టి లాగితే దొర్లుకుంటూ వస్తాయి. ఆ మనుషులే పెద్ద పెద్ద గుళ్ళు కట్టారు, రాళ్ళు మోశారు. సరుకులు మోసే బండి మాత్రం చేసుకోలేదు. తెలివి చాలక కాదు. ఆ రోజుల్లో అక్కడ ఎద్దులూ లేవు, గుర్రాలూ లేవు. ఆ రెండూ తర్వాత ఐరోపావాళ్ళతో సముద్రం దాటి వచ్చాయి. లాగే జంతువు లేనప్పుడు, కొండదారుల్లో బండి కన్నా వీపు మీద మోతే నయం.

చేప పళ్ళ దువ్వెన

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకు పేరున్న ఊరు. ఇక్కడ పత్తిని శుభ్రం చేసే పనిముట్టు లోకంలో ఇంకెక్కడా ఉండదేమో: వాలుగ చేప దవడ ఎముక! దాని మీద సన్నటి పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటితో పత్తిని దువ్వితే చెత్తంతా పోయి పోగులు తిన్నగా వస్తాయి. తర్వాత గింజలు తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద వడుకుతారు.

రాట్నంలో ఉన్న గమ్మత్తు చిన్న లెక్క. పెద్ద చక్రానికీ సన్నటి కదురుకూ కలిపి ఒక దారం చుట్టి ఉంటుంది. పెద్ద చక్రం చుట్టుకొలత కదురు చుట్టుకొలతకు ఎన్ని రెట్లు ఉంటే, చక్రం ఒక్కసారి తిరిగేలోపు కదురు అన్నిసార్లు తిరుగుతుంది. చెయ్యి నింపాదిగా తిప్పుతుంటే, కదురు మాత్రం కంటికి ఆనకుండా తిరుగుతుంది. ఆ వేగానికే దూది పురి ఎక్కి నూలవుతుంది. ఇంట్లో సైకిలు ఉంటే స్టాండు వేసి, పెడలు నెమ్మదిగా ఒక్క చుట్టు తిప్పండి. వెనక చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి.

గాలి విసిరే తిరగలి

ఇరాన్‌లో నష్తిఫాన్ అనే ఊళ్ళో మట్టి, గడ్డి, చెక్కతో కట్టిన గాలిమరలు వరసగా ఉన్నాయి. హాలండ్ బొమ్మల్లో చూసే గాలిమర రెక్కలు మన వైపు తిరిగి ఉంటాయి కదా, ఇవి అలా ఉండవు. నిలువు స్తంభం చుట్టూ తలుపుల్లా నిలబడి తిరుగుతాయి. ఆ స్తంభం తిన్నగా కింది గదిలోకి దిగి, తిరగలి పైరాయికి తగులుకుంటుంది. గాలి వీచిందంటే రాయి తిరిగినట్టే, గోధుమలు పిండి అయినట్టే. మధ్యలో పళ్ళచక్రాల గొడవే లేదు. ఇలాంటి మరల గురించి వెయ్యేళ్ళ కిందటి రాతల్లోనే ఉంది.

నీటిచక్రాల్లో మాత్రం పొడుగే పొడుగు. సిరియాలోని హమా ఊళ్ళో ఏటి నీటిని పైకెత్తి కాలువల్లో పోయడానికి కట్టిన చెక్క చక్రాల్లో పెద్దది 20 మీటర్ల ఎత్తు ఉంటుంది. ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్యనున్న మాన్ దీవిలో 1854లో కట్టిన లాక్సీ చక్రం దాన్నీ మించింది. అడ్డం కొలిస్తే 22 మీటర్లు, అంటే ఏడంతస్తుల మేడంత! గనిలో ఊరే నీటిని తోడెయ్యడానికి దాన్ని కట్టారు. నిమిషానికి వెయ్యి లీటర్లకు పైగా తోడేది. తిరగడం మాత్రం మహా నింపాది, నిమిషానికి మూడు చుట్లే.

అన్నిటికన్నా జోరు

ఇక వేగం. ఈ రికార్డు మీ జేబులో పట్టే ఆటబొమ్మది. గుండీ రెండు రంధ్రాల్లోంచి దారం దూర్చి ముడివేసి, పురి ఎక్కించి, రెండు చేతులతో లాగుతూ వదులుతూ ఉంటే అది బుయ్యిమంటూ తిరుగుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మను ప్రకాష్ మన దేశంలోనే పుట్టారు. ఆయన ఉగాండాలో ఒక ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, రక్తపరీక్షలకు వాడే ఖరీదైన యంత్రాన్ని తలుపుకు అడ్డంగా పెట్టి ఉండటం చూశారు. కరెంటు లేకపోతే దానికి అంతకన్నా పనేముంది?

రక్తాన్ని గిర్రున తిప్పే ఆ యంత్రం పనే చెయ్యడానికి ఆయన బృందం అట్టముక్క, దారం, చేతిపిడులతో గుండీ ఆటలాంటిదే చేసి 2017లో లోకానికి చూపించింది. బరువు రెండు గ్రాములు, ఖర్చు 20 సెంట్లు, అంటే అప్పటి లెక్కన 15 రూపాయల లోపే. అది నిమిషానికి 1,25,000 చుట్లు తిరిగింది. మన సీలింగ్ ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లే. అట్టకు సన్నటి గొట్టంలో రక్తపు చుక్క అమర్చి తిప్పితే, బరువైన ఎర్రకణాలు గొట్టం చివరకు చేరతాయి, తేలికైన పసుపు ద్రవం విడిగా నిలుస్తుంది. ఒకటిన్నర నిమిషంలో పని పూర్తి. మనిషి చేతి బలంతో తిరిగే వస్తువుల్లో ఇంత వేగం ఇంకదేనికీ లేదని దాన్ని చేసినవాళ్ళు చెబుతున్నారు.

మీరూ చేసి చూడండి. అట్టను గుండ్రంగా కత్తిరించి, సరిగ్గా నడిమధ్యకు అటూ ఇటూ సమాన దూరంలో రెండు రంధ్రాలు వెయ్యండి. రంధ్రాలు ఒక పక్కకు జరిగితే అట్ట ఊగిసలాడుతుంది, జోరు అందుకోదు. తిప్పేటప్పుడు ముఖానికి దూరంగా పట్టుకోండి. సోడా మూతతో మాత్రం వద్దు, దాని అంచు వేలు కోస్తుంది.