తోలు, డోలు, డప్పు – మన వాద్యాల మాటలు, వాటి అర్థాలు

‘డ్రమ్’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో ఏమనాలి అని పిల్లలు అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. మృదంగం, మద్దెల, డోలు, డప్పు, భేరి, నగారా, డమరుకం, పంబ, జమిడిక, గుమ్మెట, కంజీర – ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. ఇంగ్లీషువారు ఒకే పేరు క్రింద చేర్చిన వాటిని మనవారు విడివిడిగా పిలిచారు. తెలుగులో వాద్యం పేరు వినగానే దాన్ని ఎవరు వాయిస్తారో, ఏ సందర్భంలో వాయిస్తారో కూడా తెలిసిపోతుంది.

విన్నిపెగ్‌లో ఉన్న మనం ఇక్కడికి నేరుగా ఆంధ్రదేశం నుంచి వచ్చినవాళ్ళం కాము. మారిషస్, నెటాల్, ఫిజీ, గయానా తోటల మీదుగా వచ్చినవాళ్ళం. మన ముత్తాతలు ఓడ ఎక్కినప్పుడు వెంట తెచ్చుకున్న మాటల్లో ఈ వాద్యాల పేర్లు కూడా ఉన్నాయి. అందులో కొన్ని నిలిచాయి, కొన్ని జారిపోయాయి. ఏవి జారిపోయాయో, ఎందుకు జారిపోయాయో ఆలోచించడం మన భాషకు మంచిది.

తోలు, తిత్తి, పొర

భరతముని నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు రకాలుగా విభజించింది. తీగలు గలవి తతం. గాలితో మ్రోగేవి సుషిరం. కంచుతాళాల వంటివి ఘనం. తోలు కప్పినవి అవనద్ధం. అవనద్ధం అంటే కప్పి కట్టబడినది. అనగా శాస్త్రకారుడు పెట్టెను బట్టి పేరు పెట్టలేదు, బిగించిన తోలును బట్టి పెట్టాడు.

మృదంగం సంగతి వేరు. మృత్ అంటే మట్టి, అంగం అంటే శరీరం. ఇప్పుడు పనసకర్రతో చేస్తున్నా పేరులో మట్టి అలాగే ఉంది. ఒక వాద్యానికి తోలు పేరునిస్తే, మరొకదానికి ఒళ్ళు పేరునిచ్చిందన్నమాట.

తోలు మాటలు మన శరీరంలోకి కూడా వచ్చాయి. తిత్తి అంటే కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదే తోలుసంచి. గాలి పీల్చి వదిలే అవయవాలను అందుకే ఊపిరితిత్తులు అన్నారు. చెవి లోపలి పలుచని పొరను కర్ణభేరి అంటాం. దాని మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. అంత చిన్న పొరకు యుద్ధభేరి పేరు పెట్టారు! ఇక్కడ ఒక విశేషం గమనించాలి. భేరి అంటే గుల్ల, తోలు కలిసిన పూర్తి వాద్యం. కర్ణభేరి అన్నప్పుడు మాత్రం మన మనసులోకి వచ్చేది తోలు ఒక్కటే. పేరు మొత్తం వస్తువు నుంచి భాగానికి జరిగింది.

ఇతర భాషల్లోనూ ఇలాగే జరిగింది. గ్రీకులో టింపనాన్ అంటే చేతితో కొట్టే తోలువాద్యం. లాటిన్‌లో అది టింపనమ్ అయింది. అందులోంచే ఫ్రెంచివారు కర్ణభేరికి టింపాన్ అనే మాట తెచ్చుకున్నారు. మారిషస్ నుంచి వచ్చిన పెద్దలకు ఈ మాట తెలిసినదే. పాత అచ్చుయంత్రంలో కాగితాన్ని ఆనించే, చట్రానికి బిగించిన తోలునూ అదే పేరుతో పిలిచారు. చివరికి తోలే లేనిచోటికీ ఆ పేరు వెళ్ళింది. 1920లో ప్రారంభమైన మన మానిటోబా శాసనసభ భవనం ముందు నిలబడి పైకి చూడండి. స్తంభాల మీద ముక్కోణపు చట్రం, అందులో శిల్పాలు కనబడతాయి. చట్రం మధ్య ఉన్న ఆ భాగాన్ని వాస్తుశిల్పులు టింపనమ్ అంటారు. అది రాయే గాని, చట్రంలో బిగించిన తోలులా ఉంటుందని ఆ పేరు.

ఫ్రెంచిలో డోలుకు తంబూర్ అని పేరు. క్విబెక్‌లో చలిగాలి ఇంట్లోకి రాకుండా గుమ్మం ముందు కట్టే చిన్నగదిని కూడా తంబూర్ అంటారు. మన తెలుగులో డ్రమ్ము అంటే నీళ్ళ పీపా, తారు పీపా. ఇక్కడ ఒళ్ళు మిగిలి తోలు పోయింది. ట్రినిడాడ్‌లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. 1880లలో అక్కడి వలస ప్రభుత్వం డోళ్ళు వాయించడం మీద ఆంక్షలు పెట్టింది. తరువాతి తరాలవారు రేకుడబ్బాలతో మొదలుపెట్టి, నూనె డ్రమ్ములను కోసి సుత్తితో సాగగొట్టి స్టీల్‌పాన్ అనే వాద్యం తయారుచేశారు. పీపాకు వాద్యం పేరు వస్తే, ఆ పీపానే మళ్ళీ వాద్యమైంది!

సామెతలూ చాటింపులూ

‘రోలు వెళ్ళి మద్దెలతో మొర పెట్టుకున్నట్లు’ అనే సామెత మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. రోలుకు ఒక వైపే దెబ్బలు, మద్దెలకు రెండు వైపులా దెబ్బలు. తనకంటె ఎక్కువ కష్టంలో ఉన్నవారి దగ్గర గోడు వెళ్ళబోసుకోవడం అని భావం. చెరకుతోటల్లో కొరడా చూసిన మనవారికి ఈ సామెత వివరించి చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

వార్త చాటే పనికి వాడిన వాద్యాల పేర్లు క్రియలతో కలిసి కొత్త అర్థాలు తెచ్చుకున్నాయి. టముకు వేయడం, దండోరా వేయడం అంటే ఊరికంతటికీ చాటడం. డంకా బజాయించి చెప్పడం అంటే జంకు లేకుండా చెప్పడం. ఎన్నికల తేదీలు ప్రకటించగానే పత్రికలు ‘ఎన్నికల నగారా మ్రోగింది’ అని వ్రాస్తాయి. నగారా చూడనివారికీ ఆ వాక్యం అర్థమవుతుంది. దరువు అంటే తాళగతి. వాయించడం అంటే వాద్యం పలికించడమే కాదు, గట్టిగా చీవాట్లు పెట్టడం కూడా.

వీటన్నిటిలో గౌరవం తక్కువైన మాట ఒకటుంది. డప్పు కొట్టడం అంటే ఎవరినో లేనిపోని విధంగా పొగడడం. సొంత డప్పు అంటే ఆత్మస్తుతి. మృదంగం వాయించడానికి ఇటువంటి అర్థం రాలేదు. డప్పుకే ఎందుకు వచ్చింది?

డప్పు ప్రయాణం

డప్పు అంటే గుండ్రని కొయ్యచట్రానికి ఒకవైపు తోలు బిగించిన వాద్యం. భుజానికి తగిలించుకుని రెండు పుల్లలతో వాయిస్తారు. కుడిచేతి లావుపాటి పుల్ల సిర్ర, ఎడమచేతి సన్నని పుల్ల సిటికెన పుల్ల. దీనికే తప్పెట అనీ, కోస్తా జిల్లాల్లో పలక అనీ పేర్లు. పిల్లలు అక్షరాలు దిద్దేదీ పలకే, పెద్దలు దరువు వేసేదీ పలకే. ఉత్తరాంధ్రలో గుండెమీద రేకు వాద్యం కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళలో ఆ తప్పెట మాటే ఉంది.

వాయించేముందు డప్పును మంటకు కాస్తారు. తోలు గాలిలోని తేమను పీల్చుకుని వదులవుతుంది, వేడి తగిలితే తేమ పోయి బిగుస్తుంది. డర్బన్ తీరంలోనూ, డెమెరారా ఒడ్డునూ మనవారు చేసింది ఇదే. మారిషస్‌లో సెగా పాటకు వాయించే మేకతోలు రవాన్‌ను కూడా ఇలాగే మంటకు కాస్తారు. విన్నిపెగ్ చలికాలంలో పరిస్థితి తలక్రిందులు. ఇంట్లో హీటరు వల్ల గాలి మరీ పొడిగా ఉండి, తోలు ఎక్కువగా బిగిసి చిట్లిపోయే ప్రమాదం ఉంది. అక్కడ మంట అవసరమైతే ఇక్కడ గదిలో తేమ అవసరం.

మద్రాసు రేవు నుంచి గయానా వెళ్ళిన కూలీలలో తమిళులూ తెలుగువారూ కలిసే ఉన్నారు. ఓడ ఎక్కిన రేవును బట్టి అందరినీ మద్రాసీలే అన్నారు. వారి కాళీమాయి పూజలో మంటకు కాచి వాయించే వాద్యాన్ని అక్కడ ఇప్పటికీ తప్పు అంటారు. తమిళంలో దాని పేరు అదే, మన డప్పుకూ తప్పెటకూ దగ్గరి చుట్టం. పాట అర్థం మరచిపోయిన కుటుంబాలలో కూడా ఆ పేరు మిగిలింది. అయితే గయానా పిల్లవాడు తెలుగు తరగతికి వచ్చినప్పుడు ‘తప్పు’ అంటే పొరపాటు అని నేర్చుకుంటాడు. తాత వాయించినది తప్పు పని అన్నట్టు వాడి చెవికి వినిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఆ అపార్థం ఉచ్చారణ వల్ల మాత్రమే వచ్చినది కాదు. పల్లెలో డప్పు వాయించినవారు ముఖ్యంగా మాదిగలు. చచ్చిన పశువు తోలు తీసి, ఊని, చెప్పులూ డప్పులూ చేసినవారు వారే. పెళ్ళికీ జాతరకూ చావుకూ వారి దరువు కావాలి గాని, వారిని అరుగు ఎక్కనివ్వలేదు. ఆ చిన్నచూపే మాటకూ అంటుకున్నది. నిజానికి మృదంగానికీ ఆవుతోలు, మేకతోలు కావాలి. ఆ తోలుపని చేసిన దళిత కుటుంబాల చరిత్రను టి.ఎం. కృష్ణ 2020లో వచ్చిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకంలో వ్రాశారు. తోలు ఒకటే, గౌరవం మాత్రం రెండు రకాలు.

మన ముత్తాతల ఓడలో అన్ని కులాలవారూ ఉన్నారు. తోటలో బ్యారక్కులు ఒకటే, చెరకుకత్తి ఒకటే. అయినా తరువాత గుళ్ళు, సంఘాలు, తరగతులు పెట్టుకున్నప్పుడు మనం హార్మోనియంనూ మృదంగాన్నీ వేదిక మీదికి తెచ్చి డప్పును బయట ఉంచాము. ‘మా తాత డప్పు వాయించేవాడు’ అని చెప్పుకోవడానికి కొన్ని ఇళ్ళలో సిగ్గుపడ్డారు. ఆ సిగ్గుతో ఒక మాటే కాదు, సిర్ర, సిటికెన పుల్ల, దరువుల పేర్లు అన్నీ పోయాయి.

ఆంధ్రదేశంలో ఈ మాటల తలరాత మారింది. 1970లలో జననాట్యమండలి డప్పును పాటల వేదిక మీద నిలబెట్టింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల ఉద్యమం తనకు దండోరా అని పేరు పెట్టుకుంది. పెత్తందారు ఆజ్ఞను చాటినవారు తమ హక్కును తామే చాటుకోవడం ఆ పేరులోని అర్థం. వారు అడిగిన ఉపవర్గీకరణ రాష్ట్రాలు చేయవచ్చునని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మనం ఉన్న నేల

ఈ సంగతి మనకు ఇక్కడి నేల కూడా చెబుతుంది. మానిటోబా అనే పేరుకు రెండు మూడు వ్యుత్పత్తులు ఉన్నాయి. ఎక్కువగా చెప్పేది క్రీ భాషలోనిది. మానిటోబా సరస్సు నడుమ ఇరుకైన చోట అలలు రాళ్ళను తాకి వింతగా మ్రోగుతాయి. అది మానిటూ అనే పరమాత్మ వాయించే పెద్ద డోలు అని ఆదివాసులు నమ్మారు. ఆ నమ్మకం నుంచి వచ్చిన పేరుగల రాష్ట్రంలో మనం ఉన్నాం. అటువంటి దేశంలోనే 1895లో ఇండియన్ యాక్టును సవరించి ఈ మైదానాల ఆదివాసుల నృత్యోత్సవాలను అణచివేశారు. 1951లో గాని ఆ నిషేధం చట్టం నుంచి తొలగలేదు. వారి డోలును చట్టం ఆపింది. మన డప్పును ఆపడానికి చట్టం అవసరం కాలేదు, మన సిగ్గే చాలింది.

కనుక పాఠకులకు మా మనవి ఇది. పిల్లలకు ‘మృ’ అంటే మృదంగం, ‘ఢ’ అంటే ఢంకా అని నేర్పుతున్నాం. మంచిదే. ‘డ’ అంటే డప్పు అని కూడా నేర్పుదాం. ఇంట్లో డెబ్బై, ఎనభై ఏళ్ళ పెద్దలుంటే వారి తాతలు ఏ వాద్యం వాయించారో, దాన్ని ఏమని పిలిచారో, ఏ దరువుకు ఏ పేరో అడగండి. విన్నట్టుగానే వ్రాయండి, దిద్దవద్దు. తప్పు అన్నా, తప్పెట అన్నా, పలక అన్నా, అది మన మాటే.