భూమి కంపిస్తే గ్యాస్ పొయ్యి దగ్గర ఏం చేయాలి? వాడని సిలిండర్‌ను ఎందుకు తిరిగివ్వాలి?

2024 డిసెంబర్ 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు తెలంగాణలోని ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్, విజయవాడలతో పాటు ఛత్తీస్‌గఢ్ దక్షిణ జిల్లాల్లోనూ ప్రకంపనలు తెలిశాయి. పెద్ద నష్టమేమీ జరగలేదు. అయితే చాలా ఇళ్లలో పొయ్యి వెలిగే వేళ అది. కుదుపు మరికాస్త బలంగా ఉంటే వంటగదుల్లో ఏం జరిగేదన్నది ఆలోచించాల్సిన విషయం.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ భూకంప మండలాల పటంలో చాలాకాలంగా రెండో మండలంలో, అంటే ప్రమాదం తక్కువని భావించే ప్రాంతంలో ఉంది. అలాగని ధీమాగా ఉండడానికి లేదు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని లాతూర్ ప్రాంతాన్ని 6.2 తీవ్రత గల భూకంపం కుదిపినప్పుడు దాదాపు పది వేల మంది చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదం ఉండే మొదటి మండలంలో ఉండేది. 2002లో పటాన్ని సవరించినప్పుడు మొదటి మండలాన్నే తొలగించారు. 1997 మే 22న రాయ్‌పూర్‌కు వాయవ్యంగా ఉన్న జబల్‌పూర్‌లో 5.8 తీవ్రతతో భూకంపం వచ్చింది.

గ్యాస్ ఎలా ప్రమాదకరమవుతుంది?

వంటగ్యాస్‌లో ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. ఇవి గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనవి. అందుకే లీకైన గ్యాస్ పైకి పోకుండా నేల మీద పరచుకుంటుంది. పై కిటికీ తెరిచినంత మాత్రాన బయటకు పోదు, తలుపులూ తెరవాలి. ఈ గ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే పసిగట్టేందుకు ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు.

గాలిలో గ్యాస్ సుమారు 2 శాతానికి చేరితే నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటగది మొత్తం ఆ స్థాయికి చేరడానికి దాదాపు ఒక కిలో గ్యాస్ చాలు. నిండు సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు.

సిలిండర్ నిటారుగా ఉన్నప్పుడు ద్రవం అడుగున, ఆవిరి పైన ఉంటాయి. బయటకు వచ్చేది ఆవిరి మాత్రమే. కుదుపుకు సిలిండర్ పక్కకు ఒరిగితే ద్రవమే బయటకు రావచ్చు. ఆ ద్రవం ఆవిరైతే దాదాపు 250 రెట్లు విస్తరిస్తుంది. కాబట్టి సిలిండర్‌ను ఎప్పుడూ సమతలంగా ఉన్న నేల మీద నిటారుగా నిలబెట్టాలి. బీఐఎస్ గుర్తు ఉన్న ట్యూబునే వాడాలి. పగుళ్లు కనిపించినా, ఐదేళ్లు నిండినా మార్చాలి.

కుదుపు సమయంలో, తర్వాత

పొయ్యి పక్కనే ఉండి, కుదుపు స్వల్పంగా ఉంటే వెంటనే నాబ్ కట్టేయాలి. బలంగా ఉంటే మరిగే నూనె, గిన్నెలు మీద పడే ప్రమాదం ఉంది కనుక పక్కకు తప్పుకుని, గట్టి బల్ల కిందకు చేరి తలను కాపాడుకోవాలి. వేరే గదిలో ఉన్నవారు వంటగదికి పరుగెత్తకూడదు.

కుదుపు ఆగగానే స్టౌ నాబ్, రెగ్యులేటర్ రెండూ కట్టేయాలి. మళ్లీ ప్రకంపనలు రావచ్చు కనుక వెంటనే వెలిగించకూడదు. వాసన వస్తే అగ్గిపుల్ల గీయకూడదు. లైటు, ఫ్యాను స్విచ్‌లు వేయకూడదు, ఆపకూడదు కూడా. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, మంట అంటుకోవడానికి. వీలైతే రెగ్యులేటర్ తీసి సిలిండర్‌కు భద్రతా మూత బిగించి, తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటకు రావాలి. ఫోన్ బయటకు వచ్చాకే చేయాలి. గ్యాస్ లీకేజీ ఫిర్యాదుల కోసం దేశమంతటా 24 గంటలూ పనిచేసే నంబర్ 1906. గుర్తుంచుకోవడానికి ఒక ఆధారం: 1906లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చింది. గ్యాస్ పైపులు పగిలి, మంటలు చెలరేగి, కుదుపు కంటే ఎక్కువ నష్టం అగ్ని వల్లే జరిగింది. నేడు జపాన్ ఇళ్లలోని గ్యాస్ మీటర్లు బలమైన కుదుపును గుర్తించి సరఫరాను వాటంతట అవే ఆపేస్తాయి. మన సిలిండర్‌కు ఆ ఏర్పాటు లేదు, మన చేయే ఆ పని చేయాలి.

మూల పడి ఉన్న సిలిండర్

ఉద్యోగరీత్యా ఊరు మారినవారి ఇంట్లో, పెద్దలు కాలం చేసిన ఇంట్లో వాడని సిలిండర్ మూలన ఉండిపోతుంటుంది. ఖాళీ అనుకున్న దానిలోనూ కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది. అది అనవసరమైన ప్రమాదం, అడగకుండా వదిలేసిన డబ్బు కూడా.

కనెక్షన్ తీసుకున్నప్పుడు కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ తిరిగి వచ్చే సొమ్మే. సిలిండర్, రెగ్యులేటర్, సబ్‌స్క్రిప్షన్ వోచర్ తీసుకెళ్లి ఏజెన్సీలో అప్పగిస్తే వోచర్‌పై రాసి ఉన్న డిపాజిట్ మొత్తం ఇస్తారు. 2022 జూన్‌లో 14.2 కిలోల సిలిండర్ డిపాజిట్ 1450 రూపాయల నుంచి 2200 రూపాయలకు పెరిగింది. అయితే పాత కనెక్షన్‌కు పాత మొత్తమే వస్తుంది. రాయ్‌పూర్ నుంచి విశాఖకో హైదరాబాద్‌కో మారేవారు ఇక్కడ అప్పగించి బదిలీ పత్రం తీసుకుంటే, కొత్త ఊళ్లో అప్పటి రేటు డిపాజిట్ కట్టి కనెక్షన్ పొందవచ్చు. కనెక్షన్ ఉన్న వ్యక్తి మరణిస్తే వారసులు ఏజెన్సీని సంప్రదించాలి. ఉజ్జ్వల పథకంలో డిపాజిట్ భారం ప్రభుత్వానిదే కనుక లబ్ధిదారులకు ఇది వర్తించదు.

రిఫండ్ ఇస్తామంటూ ఫోన్‌లో లింకులు పంపేవారికి, ఓటీపీ అడిగేవారికి స్పందించకూడదు. వోచర్ ఎక్కడుందో ఈ రోజే వెతికి పెట్టుకోవాలి. రెగ్యులేటర్ ఎలా కట్టేయాలో ఇంట్లో వంట చేసేవారితో పాటు మిగతా అందరికీ ఒకసారి చేసి చూపించాలి.