స్నానాల గది నవీకరణ: టైల్స్ పరచక ముందే విద్యుత్ ప్రణాళిక

ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం పరిసరాలలోని పాత డాబా ఇళ్లలో స్నానాల గదిని గీజరు, షవరు, ఎగ్జాస్ట్ ఫ్యానుతో కొత్తగా తీర్చిదిద్దుకొనే వారు మొదట టైల్స్ రంగును, తరువాత కుళాయిలను ఎంపిక చేసుకొని, విద్యుత్ తీగల సంగతిని చివరకు వదిలివేయడం పరిపాటి. ఒకసారి టైల్స్ అతికిన తరువాత గోడను చెక్కి పైపు వేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఫలితంగా పక్క గది ప్లగ్గు నుండి లాగిన సన్నని తీగతో గీజరును నడిపించడం, తడి చేతికి అందేచోట స్విచ్చు మిగిలిపోవడం జరుగుతుంది.

మామూలు సమయంలో పొడి చర్మం విద్యుత్తును కొంతవరకు నిరోధిస్తుంది. తడిసిన దేహంతో, వట్టి కాళ్లతో తడి నేలపై నిలబడినప్పుడు ఆ రక్షణ చాలావరకు తొలగిపోతుంది. దేహం గుండా దాదాపు 10 మిల్లీ ఆంపియర్లు దాటి ప్రవహిస్తే పట్టుకున్న వస్తువును విడిచిపెట్టడం కష్టమవుతుంది. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంతసేపు కొనసాగితే గుండె లయ తప్పి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. గీజరుకు అమర్చే 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి ఇది 500వ వంతు కూడా కాదు గనుక దానిని అది గుర్తించజాలదు. ఎం.సి.బి. కాపాడేది తీగను. మనిషిని కాపాడేందుకు ఉద్దేశించిన పరికరం ఆర్.సి.సి.బి. ఫేజు తీగలో వెళ్లిన కరెంటును, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటును ఇది నిరంతరం పోల్చి చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకను లోపే సరఫరాను నిలిపివేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు గృహ వినియోగానికి నిర్దేశించిన గరిష్ఠ పరిమితి కూడా ఈ 30 మిల్లీ ఆంపియర్లే.

ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో ఆర్.సి.సి.బి. ఊరికే పడిపోతోందన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్‌ను మిగిలిన లైన్ల న్యూట్రల్‌తో కలిపివేయడం దీనికి సాధారణ కారణాలలో ఒకటి. రెండింటిని విడదీయవలసి ఉండగా, కొందరు ఆర్.సి.సి.బి.నే తొలగించి నేరుగా కలిపివేస్తున్నారు. ఇది కాపలాదారు అరుస్తున్నాడని ఉద్యోగం నుండి తీసివేయడం వంటిది.

ఎర్తింగు విషయంలో ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉన్నది. జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతపు తేలిక నేలలు వర్జీనియా పొగాకుకు పేరుపొందినవి. నీరు నిలువకుండా త్వరగా ఇంకిపోయే ఆ గుణమే ఎర్తింగుకు ప్రతికూలం. డెల్టాలోని నల్లరేగడి వలె ఈ నేల తేమను పట్టి ఉంచదు. వేసవిలో ఎర్త్ గొయ్యి ఎండి నిరోధం పెరుగుతుంది. ఉదాహరణకు నిరోధం 100 ఓములు ఉన్న ఇంటిలో గీజరు బాడీకి 230 వోల్టుల ఫేజు తగిలితే భూమిలోకి ప్రవహించేది సుమారు 2.3 ఆంపియర్లు మాత్రమే. ఎం.సి.బి. పడదు, గీజరు బాడీకి, దానికి కలిసిన లోహపు కుళాయికి విద్యుత్తు అలాగే ఉండిపోతుంది. అదే ఇంటిలో ఆర్.సి.సి.బి. ఉంటే వెంటనే పడుతుంది. అందువలన ఎర్త్ గొయ్యిలో వేసవిలో నీరు పోయించడంతో పాటు, పని ముగిసిన తరువాత ఎర్త్ టెస్టరుతో కొలిపించడం అవసరం.

రెండు కిలోవాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకొంటుంది. దీనికి డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుండి విడిగా లైను, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల ఐ.ఎస్.ఐ. గుర్తు గల రాగి తీగ, దానితో పాటే ఎర్త్ తీగ ఉండాలి. మూడు కిలోవాట్ల తక్షణ గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్లు మేలు. ఫేజును, న్యూట్రల్‌ను ఒకేసారి తెంచే డి.పి. స్విచ్చును గది వెలుపల, తలుపు పక్కన బిగించాలి. తొట్టి లేని స్నానాల గదులలో షవరు నుండి 1.2 మీటర్ల దూరం వరకు, 2.25 మీటర్ల ఎత్తు వరకు ఉన్న స్థలాన్ని అంతర్జాతీయ ప్రమాణాలు ప్రమాద మండలంగా పరిగణిస్తాయి. మన ఇళ్లలోని చిన్న గదులు దాదాపు పూర్తిగా ఈ కొలతలోనే ఇమిడిపోతాయి కావున, సాకెట్లను గది వెలుపలే ఉంచడం ఉత్తమం.

ఈ పనులను లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా చేయించి, గోడ మూయక ముందే పైపుల మార్గాన్ని ఫొటో తీసి భద్రపరచుకోవాలి. తీగల ఇన్సులేషన్ నిరోధం 500 వోల్టుల మెగ్గరు పరీక్షలో ఒక మెగా ఓముకు తగ్గరాదు. ఆర్.సి.సి.బి.పై ఉన్న టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడాలి.

స్నానాల గదిలో మరణం సంభవించినప్పుడు వార్తలలో 'షార్ట్ సర్క్యూట్' అని రాయడం అలవాటుగా మారింది. షార్ట్ సర్క్యూట్ అంటే ఫేజు, న్యూట్రల్ కలవడం, అప్పుడు ఎం.సి.బి. పడుతుంది. ఇటువంటి మరణాలకు సాధారణంగా కారణం ఎర్త్ లీకేజీ. పాత్రికేయులు ఈ భేదాన్ని పాటిస్తే పాఠకుడికి తన ఇంటిలో ఏది లేదో తెలుస్తుంది. విద్యుత్ చట్టం, 2003లోని 161వ సెక్షను ప్రకారం ప్రాణనష్టం కలిగించిన విద్యుత్ ప్రమాదాలను విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయవలసి ఉన్నది. సరఫరా సంబంధిత ఫిర్యాదులకు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వినియోగదారులు 1912 నంబరుకు ఫోన్ చేయవచ్చు.