పట్టిక బయట ఉంటెనే పెత్తనం మనది

అశోక్‌నగర్ రూములల్ల, నారాయణగూడ హాస్టళ్లల్ల ఉండి చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఎరుకే. ఎన్ని పుస్తకాలున్నా, ఏది ఎక్కడున్నదో చెప్పే పట్టిక లేకుంటే ఉన్నా లేనట్టే. సాఫ్ట్‌వేర్ సంగతి గూడ గంతే.

1993ల మొదలైన డెబియన్‌నే తీసుకోండ్రి. అండ్ల వేల ప్యాకేజీలున్నయి. అసలు ఫైళ్లన్నీ ‘పూల్’ అనే ఒక్క గోదాంల ఉంటయి, పేరుల మొదటి అక్షరాన్ని బట్టి అరలు. ‘లిబ్’ తోని మొదలయ్యేటివి మస్తుగుంటయి గాబట్టి వాటికి నాలుగక్షరాల అరలు. పట్టికలు మాత్రం వేరే జాగల, ‘డిస్ట్స్’ల ఉంటయి. స్టేబుల్‌కు వేరే, టెస్టింగ్‌కు వేరే. అండ్ల మళ్ల ఒక్కో ప్రాసెసర్ రకానికి ఒక్కోటి.

గిట్ల ఎందుకు? 2000 సంవత్సరం దాక ఒక్కో విడుదల ఫైళ్లు ఒక్కో డైరెక్టరీల ఉండేటివి. ఇక్కడియి అక్కడికి జరిపితే ప్రపంచంల ఉన్న మిర్రర్లన్నీ మళ్ల దించుకునేటివి. ఇప్పుడు ఫైలు కదలది, పట్టికల పేరు ఎక్కుతది, అంతే.

‘ఆప్ట్ అప్‌డేట్’ కొడితే దిగేది ప్రోగ్రాం కాదు, ఈ పట్టికనే. డెబియన్ 12ల ల్యాప్‌టాప్‌ల ప్రధాన పట్టిక కుదించినంక గూడ 9 ఎంబీ దగ్గర ఉంటది. రోజూ మారే టెస్టింగ్ అసొంటి వాటికి మారిన ముక్కలే పంపే ఏర్పాటున్నది. డేటా ప్యాక్ లెక్కబెట్టుకునేటోళ్లకు గిది చిన్న ముచ్చట కాదు.

పట్టికల ఒక్కో ప్యాకేజీకి పేరు, వెర్షన్, దేని మీద ఆధారపడ్డది, ఫైలు జాగ, సైజు, షా256 అనే వేలిముద్ర ఉంటయి. పట్టికల వేలిముద్రలు ‘రిలీజ్’ ఫైలుల ఉంటయి, దాని మీద డిజిటల్ సంతకం. సంతకం పట్టికకు జమానతు, పట్టిక ఫైలుకు జమానతు. నడుమ ఎవలన్న ఒక్క అక్షరం మార్చినా దొరికిపోతరు. గందుకే ఏ మిర్రర్ నుంచి తెచ్చుకున్నా భయం లేదు. ఇంటర్నెట్ సరిగ్గ రాని ఊరి కాలేజీ ల్యాబుల గూడ మిర్రర్ పెట్టుకోవచ్చు.

మీ ఫోన్ల టెర్మక్స్ ఉంటే అది నడిచేది గూడ ఆప్ట్ మీదనే. సంతకం కుదరలేదని ఎర్రర్ వస్తే, ఎవలో వీడియోల చెప్పిండ్రని ‘ట్రస్టెడ్ ఈక్వల్ ఎస్’ అని రాసి దాటెయ్యకుండ్రి. అది తలుపుకు గొళ్లెం తీసుడే.

యాప్ స్టోర్ల ఏది పైకి రావాల్నో కంపెనీ తేలుస్తది. ఇక్కడ పట్టిక మొత్తం అందరి ముందట ఉన్నది. ఉద్యోగ ఖాళీల లెక్క బయటపెట్టుమని కొట్లాడే పిల్లలకు దీని విలువ నేను చెప్పాల్నా? జాబితా దాచిపెట్టినోడే మాలిక్ అయితడు.