‘శిఖ’ పత్రిక – పూర్వాపరములు

వంగసాహిత్యమనగానే తెలుగు రచయితకు స్ఫురించు పేర్లు బంకించంద్రుడు, రవీంద్రుడు, శరత్ బాబు. చక్రపాణి వంటి అనువాదకుల పుణ్యమా అని శరత్ బాబు మన ఇంటి మనిషే అయిపోయినాడు. ఆయన 1916లో బర్మా నుండి తిరిగివచ్చి, హౌరాలోని బాజే శివపురములో సుమారు పదేండ్లు నివసించినాడనియు, పిమ్మట ఆ జిల్లాలోనే రూపనారాయణ నదీతీరమున ఇల్లు కట్టుకొనినాడనియు మనలో చాలమందికి తెలియును. కాని, మరణమునకు రెండేండ్లు ముందు, 1936లో ఆయన ఢాకా వెళ్లి, ముస్లిం విద్యావంతులు నడపుచున్న ఒక సాహిత్య సంఘపు పదవ వార్షిక సభకు అధ్యక్షత వహించిన సంగతి మన వ్యాసములలో అంతగా కనబడదు. ఆ సంఘము పేరు ముస్లిం సాహిత్య సమాజము. ఢాకా విశ్వవిద్యాలయములో పుట్టినది. దాని వార్షిక పత్రిక ‘శిఖ’.

‘శిఖ’ ఐదు సంచికలు మాత్రమే వెలువడినది. ఐదు సంచికల పత్రికను గూర్చి ఇంత ప్రస్తావన యేల అని చదువరి అడుగవచ్చును. సంఖ్యలో కొద్దిమందియైన విద్యార్థులు, యువ అధ్యాపకులు తమ మాటను తమ భాషలో చెప్పుకొనవలెనన్న ఏమి జరుగునో తెలియుటకు ఈ ఐదు సంచికల వెనుక కథ చాలును. ఆ కథకు మొదలు ఢాకాలో లేదు, హౌరాలో కలదు.

ఇరువది నాలుగు పరగణాల జిల్లాలో 1885లో జన్మించిన ముహమ్మద్ షహీదుల్లా హౌరా జిల్లా పాఠశాలలో చదివి, 1904లో ప్రవేశపరీక్ష నెగ్గినాడు. నేటి హౌరా వంతెన 1943 నాటిది. ఆ కాలమున హౌరా నుండి కలకత్తా కళాశాలలకు పోవలెనన్న పడవలపై అమర్చిన తేలుడు వంతెన దాటవలెను. షహీదుల్లా ప్రెసిడెన్సీ కళాశాలలో ఎఫ్.ఏ., సిటీ కళాశాలలో సంస్కృతము ప్రధానముగా బి.ఏ. ముగించి, 1910లో సంస్కృతము ఎం.ఏ.లో చేరినాడు. అచ్చట చిక్కు వచ్చినది. హిందువు కాని వానికి వేదము చెప్పజాలనని ఆచార్య సత్యవ్రత సామశ్రమి నిరాకరించినాడు. సామశ్రమి సామాన్యుడు కాడు. వేదవాఙ్మయమును అచ్చువేయించి లోకమునకు అందించిన పండితుడు. గ్రంథమును అచ్చొత్తించినంత సులభముగా దానిని ఎదుట కూర్చున్న శిష్యునకు చెప్పలేకపోయినాడన్నది చిత్రమే. ఉపాధ్యక్షుడైన ఆశుతోష్ ముఖర్జీ ఆ విద్యార్థికి తులనాత్మక భాషాశాస్త్రమున చదువుకొను వీలు కల్పించినాడు. 1912లో షహీదుల్లా ఆ శాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందినాడు.

ఇచ్చట ‘అల్పసంఖ్యాకులు’ అన్న మాటను కొంచెము విడదీసి చూడవలెను. 1911 నాటికి వంగదేశ జనాభాలో ముస్లిములు సగమునకు మించి యున్నారు. అయినను కళాశాల తరగతులలోను, పత్రికా కార్యాలయములలోను, సాహిత్య పరిషత్తులలోను వారు గుప్పెడుమంది. పల్లెలో నాగలి పట్టిన ముస్లిము ఇంట మాటాడునది వంగభాషయే. పట్టణమందలి కులీన ముస్లిము తన భాష ఉర్దూ అనుకొనును. వంగసాహిత్యము తమ సొత్తని హిందూ విద్యాధికులలో పలువురి భావన. కలకత్తాలో చదువుకొను ముస్లిం యువకుడు ఈ రెండిటి నడుమ నిలిచినాడు. షహీదుల్లాయు, ఆయన మిత్రులును బంగీయ సాహిత్య పరిషత్తు సభలకు పోవుచునే యుండిరి. ఎవరును పొమ్మనలేదు. అయినను, ధనికుని ఇంట పేద చుట్టము వలె అచ్చట మెలగవలసి వచ్చెడిదని ఆయన తరువాత తలచుకొనినాడు. ఆ యువకులు 1911 సెప్టెంబరులో బంగీయ ముసల్మాన్ సాహిత్య సమితిని స్థాపించినారు.

సమితి పత్రిక వెలువడుటకు మరి ఏడేండ్లు పట్టినది. 1918లో ‘బంగీయ ముసల్మాన్ సాహిత్య పత్రిక’ అను త్రైమాసికము షహీదుల్లా, ముజమ్మిల్ హక్ సంపాదకులుగా ప్రారంభమైనది. పనిభారమెల్ల మోసినవాడు ముజఫర్ అహమద్. భారతదేశమున కమ్యూనిస్టు ఉద్యమ స్థాపకులలో ఒకడుగా తరువాత ప్రసిద్ధికెక్కిన వ్యక్తి ఇతడే. కరాచీ సైనిక శిబిరము నుండి ఒక హవల్దారు పంపిన పద్యము ఈ పత్రికకు చేరినది. ముజఫర్ దాని శీర్షికను ‘ముక్తి’ అని మార్చి, 1919లో ప్రచురించినాడు. కాజీ నజ్రుల్ ఇస్లాం కవితలలో మొట్టమొదట అచ్చయినది అదే. 1920లో పటాలము రద్దయిన పిమ్మట నజ్రుల్ వచ్చి నివసించినది కాలేజీ వీధి 32వ నంబరు ఇంటిలోని సమితి కార్యాలయముననే. చిన్న పత్రికలు దేనికి పనికివచ్చునని అడుగువారికి ఈ ఒక్క సంగతి చెప్పిన చాలునని నాకు తోచును. త్రైమాసికము 1923తో ఆగిపోయినది.

ఈ కథ వినునప్పుడు హైదరాబాదు సంస్థానము గుర్తుకు రాక మానదు. ‘సాహిత్య పత్రిక’ పుట్టిన 1918లోనే ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినది. అచ్చట తెలుగు మాటాడువారు సంఖ్యలో అధికులయ్యును విద్యాలయమున అల్పులైనారు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న నిందకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించి, మూడువందల ఏబదిమందికి పైబడిన కవులను సాక్షులుగా నిలిపినాడు. వంగదేశమున ఉర్దూ పక్షము వహించినవారు ముస్లిం కులీనులు, ఇచ్చట ప్రభుత్వము. రెండు సందర్భములును ఒకటి కావు. కాని తన ఊరిలోనే తన భాషకు సాక్ష్యము చూపుకొనవలసిన దుస్థితి మాత్రము ఇరువురికిని తెలిసినదే.

ఇక ఢాకా. తూర్పు వంగ ముస్లిముల కోరికకు ఫలముగా 1921లో అచ్చట విశ్వవిద్యాలయము వెలసినది. షహీదుల్లా ఆ ఏడే సంస్కృత, వంగభాషల అధ్యాపకుడుగా చేరినాడు. కలకత్తాలో వేదము వినరాదనిపించుకొనిన వాడు ఢాకాలో సంస్కృత శాఖలో కూర్చుండినాడు! 1926 జనవరి 19న సలీముల్లా ముస్లిం హాలు అను విద్యార్థి వసతిగృహమున ఆయన అధ్యక్షతన జరిగిన సభలో ముస్లిం సాహిత్య సమాజము ఏర్పడినది. దానికి ప్రాణము వంటివారు ముగ్గురు. అర్థశాస్త్రము, వాణిజ్యము బోధించు అబుల్ హుసేన్, ఇంటర్మీడియెట్ కళాశాలలో వంగభాష చెప్పు కాజీ అబ్దుల్ వదూద్, భౌతికశాస్త్రపు కాజీ మొతాహర్ హుసేన్. వారి చుట్టు చేరినవారు విద్యార్థులు. 1927లో ‘శిఖ’ మొదటి సంచికకు అబుల్ హుసేన్ సంపాదకుడు. తరువాతి రెంటికి మొతాహర్ హుసేన్; నాల్గవదానికి అబ్దుర్ రషీద్; 1931లో వచ్చిన కడపటి దానికి అబుల్ ఫజల్. ఏటేట జరుగు సభలో చదివిన వ్యాసములే అందు ముఖ్యాంశములు.

వీరు తమ ఉద్యమమునకు ‘బుద్ధి విముక్తి’ అని పేరు పెట్టుకొనినారు. తుర్కీలో ముస్తఫా కెమాల్ తెచ్చిన మార్పులు వారిని ఉత్తేజపరచినవి. రామమోహన రాయలు ఆదర్శమైనాడు. వడ్డీ నిషేధము, పర్దా, సంగీతము తగునా తగదా అన్న తర్కము, మాతృభాషలో విద్య — ఇవి వారి విషయములు. గణితమున ఎం.ఏ. పట్టము పొందిన ఫజిలతున్నెసా స్త్రీవిద్యను గూర్చి వ్రాసినది. 1928 సభకు నజ్రుల్ వ్రాసిన గీతము ‘శిఖ’లో అచ్చయి, 1972లో బంగ్లాదేశ్ సైనిక గీతముగా స్వీకరింపబడినది. నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, ‘శిఖ’లో కథ, కవిత్వము బలహీనములు. బోధ ఎక్కువ, రసము తక్కువ. కాని దాని వచనములో ఒక నిర్భయత కలదు. కలకత్తా పత్రిక ఇరుగుపొరుగును ఉద్దేశించి, మేమును ఈ సాహిత్యమునకు వారసులమే అన్నది. ‘శిఖ’ తన ఇంటివారితోనే వాదము పెట్టుకొనినది. రెండవది ఎక్కువ కష్టము.

ఆ కష్టము అబుల్ హుసేన్ నెత్తిన పడినది. కాలము మారినకొలది మతవిధులను పునరాలోచింపవలెనను భావముతో అతడు ‘ఆదేశేర్ నిగ్రహ’ అను వ్యాసము వ్రాసినాడు. 1929 డిసెంబరులో ఢాకా నవాబుల భవనమైన అహ్సాన్ మంజిల్‌లో పెద్దలు కూడి అతనిని విచారించినారు. విశ్వవిద్యాలయ అధ్యాపకుని వ్రాతకు విచారణ నవాబుల మేడలో! అతడు క్షమాపణ వ్రాసి ఇచ్చినాడు. వెనువెంటనే సమాజ కార్యదర్శి పదవి వదలుకొనినాడు. 1932లో ఉద్యోగము కూడ వదలి కలకత్తా హైకోర్టులో న్యాయవాదిగా చేరి, 1938లో మరణించినాడు. క్షమాపణ వ్రాసినందుకు అతనిని తప్పుపట్టు విమర్శకులు ఉండవచ్చును. నేను వారితో ఏకీభవింపను. అతడు ఆ కాగితముపై సంతకము చేసిన పిమ్మట పత్రిక మరి రెండేండ్లు వెలువడినది. సమాజము 1936లో పదవ సభ జరుపుకొనినది. శరత్ బాబు అధ్యక్షత వహించినది ఆ సభకే.

ఇతరుల సంగతి క్లుప్తముగా చెప్పుదును. వదూద్ శాంతినికేతనములో 1935లో హిందూ–ముస్లిం వైరమును గూర్చి ఉపన్యసించినాడు. ఆ ఉపన్యాసములకు నిజాం ఉపన్యాసములని పేరు. హైదరాబాదు నిజాము విశ్వభారతికి ఇచ్చిన విరాళము వలన ఏర్పడినవి. మన గడ్డకు సంబంధించిన ద్రవ్యము ఆ మాటలు పలికించినదన్నమాట. దేశవిభజన తరువాతను ఆయన కలకత్తాలోనే యుండి, 1970లో మరణించినాడు. పాకిస్తానుకు ఉర్దూ రాజభాష కావలెనని 1947లో సూచనలు వచ్చినపుడు వాటిని ఖండించుచు వ్రాసిన వారిలో ముందువరుసలో నున్నవారు షహీదుల్లా, మొతాహర్ హుసేన్. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులు నేలకొరిగినది ఆ భాష కొరకే.

‘శిఖ’ సంచికలను ఢాకాలోని బంగ్లా అకాడమీ ఒకచోట చేర్చి పునర్ముద్రించినది. వంగభాష నేర్చి, శరత్ బాబు నవలలకు ఇంకొక క్రొత్త అనువాదము చేయుటకు ఉబలాటపడు మన యువ అనువాదకులలో ఎవరైన ఒకరు ఈ సంపుటము చేత పట్టుదురు గాక. ఎచ్చట మొదలుపెట్టవలెనని నన్ను అడిగినచో, మొదటి సంచికలోని అబుల్ హుసేన్ వచనముతో అందును. మతవిద్యకు సంబంధించిన అరబ్బీ పదములు అందు తరచుగా వచ్చును. వాటిని సంస్కృతీకరింపక, మన గుంటూరు, కర్నూలు ముస్లిముల ఇండ్లలో వాడుక ఎట్లున్నదో అట్లే ఉంచుట మేలు.