నాన్నగారూ, ఆ కుర్చీ దిగండి!

అర్ధరాత్రి దాటాక ఇంట్లో ఎక్కడో 'కిచ్... కిచ్' మని చప్పుడు. పిట్ట కాదు, స్మోక్ అలారం. బ్యాటరీ అయిపోవచ్చిందని చెబుతోంది. తెల్లవారుజామున ఇల్లు చల్లబడితే బలం తగ్గిన బ్యాటరీ ఇంకా నీరసిస్తుంది. అందుకే ఈ గోల తరచూ మంచి నిద్రలోనే మొదలవుతుంది. అమెరికాలో మనవాళ్లకిది కొత్తేం కాదు. డైనింగ్ టేబుల్ కుర్చీ ఒకటి లాగి ఎక్కేయడమూ కొత్తకాదు.

మన సంగతి అలా ఉంచండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల మాటేమిటి? పిల్లలు ఆఫీసుకెళ్తే పగలంతా ఇంట్లో వాళ్లే. స్టూలెక్కి ఫ్యాన్లు తుడిచిన, అటక మీది సామాన్లు దించిన చేతులు ఊరికే ఉంటాయా? "ఈ మాత్రం దానికి నువ్వొచ్చేదాకా ఆగాలేంట్రా" అంటూ గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ ఎక్కేసే నాన్నలూ ఉన్నారు. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం ఎక్కువ. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ తప్పకపోవచ్చు. మనవలతో గడపాల్సిన ఆరు నెలలూ మంచంలోనే. విజిటర్ ఇన్సూరెన్స్ చెల్లించేదానికి ఓ పరిమితి ఉంటుంది, పైది మన జేబులోంచే. ఆ బిల్లు ముందు స్టెప్ ల్యాడర్ ధర ఏపాటి?

కొనేటప్పుడు ముందు ఎత్తు చూడండి. మామూలు ఎత్తు మనిషికి, నిచ్చెన ఎత్తు మీద మరో 4 అడుగుల దాకా చెయ్యి అందుతుంది. అంటే 8 అడుగుల సీలింగ్‌కి 4 అడుగులది, 10 అడుగులకి 6 అడుగులది. పొట్టిది కొంటే చివరికి అందరూ చేసేది ఒకటే... పైకొస మీద నిలబడటం! అన్నిటికన్నా పైనున్న పలక, దాని కింది మెట్టు నిలబడటానికి కావు. ఆ మాట స్టిక్కర్ మీదే ఉంటుంది. చదివేదెవరు?

తర్వాత బరువు. టైప్ 3 అయితే 200 పౌండ్లు, టైప్ 2 అయితే 225, టైప్ 1 అయితే 250, టైప్ 1ఏ అయితే 300. ఇది మనిషి ఒక్కడి బరువే కాదు, చేతిలో డ్రిల్లు, భుజాన దీపావళి లైట్లు అన్నీ కలిపి. 85 కిలోల మనిషంటేనే 187 పౌండ్లు. బూట్లు, పనిముట్లు చేరితే టైప్ 3 అంచుకొచ్చినట్టే. చవకని దాన్ని తెచ్చుకోవడం కంటే టైప్ 1 తీసుకోవడమే మేలు. అల్యూమినియం తేలిక, అమ్మ కూడా మోయగలదు. కానీ కరెంటు తగిలితే అంతే సంగతులు. వైర్ల పనుంటే ఫైబర్‌గ్లాస్‌దే కొనాలి.

వాడేటప్పుడు మధ్యలోని అడ్డకమ్మీలు పూర్తిగా చాచి లాక్ పడిందో లేదో చూడండి. మడిచి గోడకు ఆనించి ఎక్కకూడదు. కింద రగ్గుంటే తీసేయండి, పక్కన తలుపుంటే గడియ పెట్టండి. లుంగీ, చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడతాయి, హవాయి చెప్పులు జారతాయి. బొడ్డు ఎప్పుడూ రెండు పక్క కమ్మీల మధ్యే ఉండాలి. అందకపోతే దిగి నిచ్చెన జరుపుకోవాలి. చెప్పడం తేలికే! ఇంకొక్క జానెడే కదా అనిపిస్తుంది, నిచ్చెన ఒరిగేది ఆ జానెడు దగ్గరే. మెట్ల పైన, రెండంతస్తుల హాల్లో వేలాడే షాండ్లియర్ జోలికి మాత్రం పోవద్దు, హ్యాండీమ్యాన్‌ని పిలవండి.

అమ్మానాన్నలకు టికెట్లు బుక్ చేసినప్పుడే అలారాలన్నీ ఓసారి దించి వెనకున్న తేదీ చూడండి. తయారై 10 ఏళ్లు దాటితే బ్యాటరీ కాదు, అలారమే మార్చాలి. 10 ఏళ్ల బ్యాటరీ లోపలే సీల్ చేసినవి దొరుకుతున్నాయి. అవి పెడితే నెలకోసారి కింద నిలబడి చీపురుకర్రతో టెస్ట్ బటన్ నొక్కితే చాలు.