ఈస్ట్రోజన్ రక్తపరీక్ష: రిపోర్టును ఎలా చదవాలి?

రాచర్ల మండలంలో 38 ఏళ్ల మహిళ ఒకరు ఉన్నారనుకుందాం. నాలుగేళ్ల కిందట గర్భసంచి తీయించుకున్నారు. ఈమధ్య ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్రలేమి. గిద్దలూరులో రక్తపరీక్ష చేయించుకుంటే 'ఈస్ట్రడయోల్ 28' అని వచ్చింది. ఇది తక్కువా, మామూలా?

మన రాష్ట్రంలో ఇలాంటివారు అరుదు కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం ఉన్నారు.

ఈస్ట్రోజన్లలో ముఖ్యమైనది ఈస్ట్రడయోల్. దాన్ని ప్రధానంగా తయారుచేసేవి అండాశయాలు, గర్భసంచి కాదు. దాని మోతాదు నెలంతా ఒకేలా ఉండదు. బహిష్టు మొదటి రోజుల్లో మిల్లీలీటరుకు సుమారు 20–80 పీకోగ్రాములు ఉంటుంది. అండం విడుదలకు ముందు 200 దాటుతుంది. ముట్లుడిగాక సాధారణంగా 30 లోపే. అంటే 28 అన్న అంకె బహిష్టు రెండో రోజున మామూలే, ముట్లుడిగిన స్త్రీలోనూ మామూలే. అందుకే వైద్యులు బహిష్టు 2–4 రోజుల మధ్య రక్తం ఇమ్మంటారు. గర్భసంచి లేని స్త్రీకి లెక్కపెట్టుకోవడానికి ఆ తేదీయే ఉండదు.

అక్కడ ఉపయోగపడేది ఎఫ్.ఎస్.హెచ్. పరీక్ష. ఇది మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి అండాశయాలకు పంపే హార్మోన్. అండాశయాలు స్పందించడం తగ్గేకొద్దీ పిట్యూటరీ దీన్ని మరింతగా విడుదల చేస్తుంది. 40 ఏళ్లలోపు స్త్రీలో ఇది 25 యూనిట్లు దాటి, నాలుగు వారాల తర్వాత చేసిన పరీక్షలోనూ అలాగే ఉంటే అండాశయాలు ముందుగానే పని తగ్గించాయని అనుమానించాలి. ఆపరేషన్‌లో అండాశయాలను ఉంచినా కొందరిలో ఇలా జరుగుతుంది. ఆవిర్లు కొన్నాళ్లకు తగ్గవచ్చు గాని, ఈస్ట్రోజన్ లేని ఏళ్లలో ఎముకలు గుల్లబారుతూనే ఉంటాయి. చికిత్స అవసరమా అన్నది స్త్రీవైద్య నిపుణులు తేల్చాలి.

రెండు అండాశయాలూ తీసేసి ఉంటే ఈ పరీక్షలతో పెద్దగా పనిలేదు. ఏం తీశారో చెప్పే డిశ్చార్జి కాగితం రక్తపరీక్ష కన్నా విలువైనది; చాలా ఇళ్లలో ముందు పోయేదీ అదే. 45 దాటినవారిలో కూడా వైద్యులు ఎక్కువగా లక్షణాలను బట్టే నిర్ణయిస్తారు.

గర్భనిరోధక మాత్రలు, జుట్టు కోసం వాడే బయోటిన్ ఈ ఫలితాలను తారుమారు చేయగలవు కనుక రక్తం ఇచ్చేముందే చెప్పాలి. రిపోర్టు లీటరుకు పీకోమోళ్లలో ఉంటే, ఆ అంకెను 3.67తో భాగించి పై విలువలతో పోల్చుకోండి.